ల్యాప్‌టాప్ కీబోర్డ్ మొరాయిస్తే: శుభ్రం చేయాలా, మార్చాలా, పక్కన ఇంకోటి పెట్టుకోవాలా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరి నోట్లో అది సీటీసీ. అక్కడ ఒకే ల్యాప్‌టాప్ పట్టుకుని మూడు షాపులు తిరిగి "కీబోర్డ్ మార్చడానికి ఎంతన్నా?" అని అడిగితే మూడు ధరలు వినిపిస్తాయి. ఒకరు వెయ్యి చిల్లర అంటారు, ఒకరు మూడు వేలంటారు, ఇంకొకరు ఆరు వేలకు తక్కువ కుదరదంటారు. వెంటనే మోసం అనుకోనక్కర్లేదు. మొదటివాళ్లు ఉత్త కీబోర్డ్ గురించి చెబుతున్నారు, రెండోవాళ్లు పాత మెషీన్‌లోంచి తీసిన ప్యానెల్ (కీబోర్డ్ బిగించే ఉన్న పై పెంకు) గురించి, మూడోవాళ్లు కొత్త ప్యానెల్ గురించి. మీకు ఏది కావాలో మీకే తెలియనప్పుడు ఈ మూడింటినీ పోల్చడం కుదరదు.

అందుకే ధర అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. లోపం ఎక్కడుంది? విండోస్‌లోనా, ఒక్క మీటలోనా, కీబోర్డ్ లోపలి పొరల్లోనా, కీబోర్డ్‌ను మదర్‌బోర్డ్‌కు కలిపే రిబ్బన్ కేబుల్‌లోనా, మదర్‌బోర్డ్‌లోనా? రెండోది, మీ మోడల్‌లో కీబోర్డ్‌ను స్క్రూలతో బిగించారా, ప్లాస్టిక్ రివెట్లతో, అంటే కరిగించిన ప్లాస్టిక్ మేకులతో, అతికించారా? ల్యాప్‌టాప్ ఏ కంపెనీది, ఎంత పెట్టి కొన్నారు అన్నవి ఈ రెండింటి తర్వాతే.

పైసా ఖర్చు లేకుండా తేలే తగాదాలు

షాపుకొచ్చే ఫిర్యాదుల్లో కొన్ని అసలు కీబోర్డ్‌వే కావు. మీటను కాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప అక్షరం పడటం లేదంటే ఫిల్టర్ కీస్ ఆన్ అయి ఉండొచ్చు. కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే అది మొదలవుతుంది. ఆ మూల మీద ఓ పుస్తకం ఆనినా చాలు. షిఫ్ట్‌ను 5 సార్లు నొక్కితే వచ్చే స్టికీ కీస్ కూడా ఇలాంటిదే. రెండింటినీ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ తెరిచి ఆపేయొచ్చు.

జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 పడుతున్నాయా? పక్కన విడిగా అంకెల మీటలు లేని చిన్న ల్యాప్‌టాప్‌లో నమ్ లాక్ ఆన్ అయిందన్నమాట. షిఫ్ట్‌తో 2 నొక్కితే ఈమెయిల్ గుర్తు బదులు కొటేషన్ గుర్తు వస్తే లేఅవుట్ బ్రిటన్‌ది అయింది. విండోస్ మీటతో స్పేస్ నొక్కి మార్చుకోండి. తెలుగు టైపింగ్ లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ వాడే ఇళ్లలో ఇంకో తమాషా ఉంటుంది. ఒకరు తెలుగులో టైప్ చేసి అలాగే వదిలేస్తారు, తర్వాత కూర్చున్నవాళ్లు పాస్‌వర్డ్ కొడితే మెషీన్ ఒప్పుకోదు. దానికీ మందు అదే. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో విండోస్ మీట ఒక్కటే పనిచేయకపోతే, ఆటల కోసం కంపెనీ ఇచ్చిన విండోస్ కీ లాక్ ఆన్ అయిందేమో చూడండి.

ఇవేవీ కాకపోతే ఛార్జర్ పీకి, మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, పవర్ బటన్‌ను 20 నుంచి 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోయి, కీబోర్డ్‌ను నడిపే చిన్న కంట్రోలర్ మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెడుతుంది. ఒక్కసారిగా అన్ని మీటలూ పనిచేయడం మానేసిన మెషీన్లలో కొన్ని దీనితోనే దారికొస్తాయి. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో కీబోర్డ్స్ కింద ఉన్నదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ డ్రైవర్‌ను తనే మళ్లీ వేసుకుంటుంది. పాస్‌వర్డ్ కొట్టడానికి మీటలు లేకపోతే లాగిన్ తెర మీద కింద కుడివైపు యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే తెర మీదే కీబోర్డ్ వస్తుంది. లోపలికి వెళ్లాక విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కినా అదే వస్తుంది.

అసలు తీర్పు చెప్పే పరీక్ష మాత్రం విండోస్ బయట ఉంది. ఆన్ చేస్తూనే డెల్, ఏసర్, ఆసుస్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 తడుతూ ఉంటే చాలా మోడళ్లలో బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. అక్కడ బాణం మీటలు పనిచేస్తున్నాయా, మెనూ తనంతట తానే కదిలిపోతోందా చూడండి. ఇంకా గట్టిగా తేల్చాలంటే ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది ఎంచుకుని, టెక్స్ట్ ఎడిటర్‌లో ప్రతి మీటా నొక్కి చూడాలి. హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. అక్కడ బాగుండి విండోస్‌లో మాత్రమే మొరాయిస్తే ఏ ముక్కా కొనొద్దు. అక్కడా అదే తీరైతే లోపం వస్తువులోనే ఉంది.

ఒక జాగ్రత్త. డిస్క్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో బూట్ సెట్టింగులు కదిపితే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. దాన్ని ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి తీసి పెట్టుకోండి. అంకెల మీటలే చచ్చిపోయిన కీబోర్డ్ అయినా ఫర్వాలేదు, ఆ తెర మీద ఎఫ్1 నుంచి ఎఫ్9 దాకా 1 నుంచి 9, ఎఫ్10 సున్నాగా పనిచేస్తాయి.

ఏ మీటలు పోయాయో చూస్తే జబ్బు తెలుస్తుంది

కీబోర్డ్‌లో ఒక్కో మీటకు విడిగా తీగ ఉండదు. అడ్డం గీతలు, నిలువు గీతలు కలిసిన వల ఉంటుంది. రెండు పలుచని ప్లాస్టిక్ షీట్ల మీద వెండి కలిసిన సిరాతో ఆ గీతలు అచ్చువేసి ఉంటాయి. వాటి మధ్య, మీటల కింద రంధ్రాలున్న మూడో షీట్ ఉంటుంది. మీట నొక్కితే రబ్బరు బుడిపె కిందికి దిగి పై గీతను కింది గీతకు తాకిస్తుంది. సుమారు పాతిక గీతలతోనే వంద మీటల పని నడిచిపోతుంది.

దీన్నిబట్టి చదవండి. ఒక్క మీటే పలకకపోతే దాని కింద చెత్తో, చిరిగిన బుడిపో, విరిగిన క్లిప్పో ఉంటుంది. నాలుగైదు మీటలు, అవి పక్కపక్కన లేకపోయినా సరే, ఒకేసారి పోతే ఒక గీత తెగింది, లేదా రిబ్బన్ కేబుల్‌లో ఒక పిన్ను ఆనడం లేదు. గీత తెగితే ఎంత తుడిచినా రాదు. ఒక మీట నొక్కితే రెండు అక్షరాలు పడుతున్నా, ఎవరూ ముట్టుకోకుండానే అక్షరాలు పరుగెడుతున్నా పొరల మధ్యకు తడి చేరి గీతలు కలిసిపోయాయి. అన్నీ ఒకేసారి పోతే రిబ్బన్ ఊడిందేమో ముందు చూడాలి. కీబోర్డ్‌తో పాటు టచ్‌ప్యాడ్, బ్యాటరీ ఛార్జింగ్ కూడా తేడాగా ఉంటే అనుమానం మదర్‌బోర్డ్ మీదికి వెళ్తుంది. అప్పుడు కీబోర్డ్ మార్చినా డబ్బు దండగే.

ఇంకొకటి కంటితో చూసి పట్టుకోవాలి. మూత మూసి బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందా, టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం లేదా, కీబోర్డ్ మధ్యలో ఉబ్బిందా? అది బ్యాటరీ వాపు. అలాంటి మెషీన్‌ను ఛార్జింగ్ పెట్టకండి, పైనుంచి నొక్కి సరిచేయకండి, నేరుగా బ్యాటరీ మార్పించండి. వాపు వల్ల కదిలిన మీటలు చాలాసార్లు బ్యాటరీ మారగానే మామూలవుతాయి. ఇది పట్టించుకోకుండా కొత్త కీబోర్డ్ బిగిస్తే ఆర్నెల్లకు అదీ ఉబ్బుతుంది. పైగా లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే మాటలు కాదు.

శుభ్రం చేస్తే చాలునా?

ఒకటి రెండు మీటలు గట్టిగా నొక్కితేనే పలుకుతున్నాయంటే శుభ్రం చేయడానికి ఒక పూట కేటాయించవచ్చు. మెషీన్ ఆపి, ఛార్జర్ తీసి, ఏటవాలుగా పట్టుకుని బ్లోయర్‌తో గాలి కొట్టండి. మ్యాక్‌బుక్‌కైతే ఆపిల్ చెప్పే లెక్క 75 డిగ్రీల వాలు, ఎడమ నుంచి కుడికి అడ్డదిడ్డంగా కాకుండా వరుసగా. తర్వాత మెత్తటి బ్రష్. జిగట ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ)లో తడిపి పిండిన ఇయర్‌బడ్‌తో మీట అంచుల చుట్టూ. కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. 70 శాతానిది వద్దు, మిగతా 30 శాతం నీళ్లే. చేతులకు రాసుకునే శానిటైజర్ అసలే వద్దు. చర్మం పొడిబారకుండా అందులో గ్లిజరిన్ కలుపుతారు, ఆల్కహాల్ ఆరిపోయాక ఆ గ్లిజరినే జిగురుగా మిగులుతుంది. థిన్నర్, పెట్రోల్ మీటల మీది అక్షరాలనే తినేస్తాయి.

చాయ్ పడిన కీబోర్డ్ కథ వేరు. వట్టి నీళ్లు ఆరితే పోతాయి, ఇరానీ చాయ్‌లో పాలూ పంచదారా ఉంటాయి, అవి ఆరవు, గట్టిపడతాయి. పడగానే పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి ఆపేయండి, ఛార్జర్ పీకండి, తెరను వీలైనంత తెరిచి మెషీన్‌ను బోర్లించి గుడారంలా నిలబెట్టండి. హెయిర్ డ్రయర్ వేడి గాలి కొట్టొద్దు, బియ్యం డబ్బాలో పెట్టొద్దు. రెండు రోజులు ఆరబెట్టి ఆన్ చేస్తే పనిచేసింది కదా అని వదిలేయడమే అసలు ప్రమాదం. కీబోర్డ్ కిందే మదర్‌బోర్డ్ ఉంది, అక్కడికి చేరిన చక్కెర నీరు నెమ్మదిగా రాగిని తింటూ పోతుంది. ఒకసారి కింది మూత తీయించి బోర్డ్ చూపించడం, అవసరమైతే ఐపీఏతో కడిగించడం తప్పనిసరి. కీబోర్డ్‌ను మాత్రం ఇలాంటప్పుడు కడిగి వాడటం కంటే మార్చడమే మేలు. పొరల మధ్య చేరిన చాయ్‌ను బయటి నుంచి తీయలేం. ఆ పొరలు విడదీసి తుడిచి మళ్లీ అతికించే ఓపిక ఉన్న మెకానిక్ దొరికినా, చేసిన కూలీ కొత్త కీబోర్డ్ ధరకు దగ్గరగా వస్తుంది. కొళాయి కింద పెట్టి కడిగే సాహసం కూడా కొందరు చేస్తుంటారు. మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పు ఆ గీతల మీద తెల్లగా పేరుకుంటుంది.

వానాకాలంలో మాత్రమే మొరాయించి, ఎండకాలంలో బాగుండే కీబోర్డ్‌లో ఇదివరకే ఎప్పుడో ఏదో ఒలికి ఉంటుంది. ఆరిపోయిన చక్కెర గాలిలోని తేమను పీల్చుకుని మళ్లీ గీతలను కలుపుతుంది.

ఒక్క మీటే పోతే

మీట పైటోపీ ఊడితే కీబోర్డ్ మొత్తం మార్చమనే షాపును దాటి వెళ్లండి. టోపీ, దాని కింద కత్తెరలా ఉండే తెల్ల క్లిప్పు, ఈ రెండూ విడిగా దొరుకుతాయి. పాత కీబోర్డ్‌లు ఊడదీసి అమ్మేవాళ్ల దగ్గర పదుల రూపాయల్లో వస్తాయి. చిక్కు ఒక్కటే, ఒకే కంపెనీలో కూడా క్లిప్పు ఆకారం మోడల్‌కో రకం. మీ కీబోర్డ్‌లోంచే ఇంకో మీట తీసి చూపించి కొనాలి. అంతగా వాడని మీట, ఉదాహరణకు పాజ్, దాని క్లిప్పు తీసి అక్కడ పెట్టుకోవడం కూడా ఒక ఉపాయమే, అదే సైజు మీటైతే. స్పేస్, ఎంటర్, షిఫ్ట్ లాంటి పొడుగు మీటల కింద సన్నని ఇనుప కడ్డీ ఉంటుంది. వాటిని గోరుతో లేపితే కడ్డీ పట్టుకునే కొక్కెం విరిగిపోతుంది, ఆ కొక్కెం విడిగా దొరకదు.

టోపీ బాగానే ఉండి కింద గీత పోతే మార్గం రీమ్యాప్, అంటే పోయిన మీట పనిని ఇంకో మీటకు అప్పగించడం. మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉచితం, సులువు. కానీ అది లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది. పోయిన అక్షరం పాస్‌వర్డ్‌లోనే ఉంటే షార్ప్‌కీస్ అనే చిన్న ప్రోగ్రామ్ నయం. అది విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలోనే మార్పు రాసేస్తుంది, లాగిన్ తెర దగ్గరా పనిచేస్తుంది. తనంతట తానే నొక్కుకుపోతున్న మీటను పూర్తిగా ఆపేసే వీలు కూడా అందులో ఉంది.

తెలుగు టైప్ చేసేవాళ్లకు రీమ్యాప్ అంత సుఖం కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లో డి మీట మీద పొల్లు ఉంటుంది. అది పోతే ఒత్తు అక్షరం ఒక్కటీ పడదు. డీటీపీ చేసేవాళ్లు దాన్ని క్యాప్స్ లాక్ మీదికి మార్చుకుని వారం తిప్పలు పడతారేమో గానీ, వేళ్లకు అలవాటైన చోటు మారితే వేగం పోతుంది. రోజంతా టైప్ చేసే పని అయితే రీమ్యాప్‌ను కొత్త కీబోర్డ్ వచ్చేదాకా నడిపే తాత్కాలిక ఏర్పాటుగానే చూడండి. నెలకో రెండు ఈమెయిళ్లు కొట్టేవాళ్లకు అదే శాశ్వత పరిష్కారం అయినా నష్టం లేదు.

బయటి కీబోర్డ్ ఎవరికి?

ఐదేళ్లు దాటిన ల్యాప్‌టాప్, రివెట్ల కీబోర్డ్, ఇంట్లో బల్ల మీదే వాడకం. ఈ మూడూ కలిస్తే లోపలిది మార్చడం కంటే ఓ వైరు కీబోర్డ్ కొని పెట్టుకోవడమే తెలివైన పని. వెయ్యి లోపు మంచి కంపెనీవే దొరుకుతాయి. ల్యాప్‌టాప్ మారినా అది మీతోనే ఉంటుంది. వైరుదైనా, చిన్న యూఎస్‌బీ డాంగిల్ ఉన్న వైర్‌లెస్ అయినా బయోస్‌లో పనిచేస్తాయి. బ్లూటూత్‌ది చాలా మెషీన్లలో విండోస్ వచ్చాకే కలుస్తుంది, కాబట్టి పాడైన లోపలి కీబోర్డ్‌కు అదొక్కటే ప్రత్యామ్నాయంగా పెట్టుకోకండి.

రెండు మినహాయింపులున్నాయి. లోపలి కీబోర్డ్ తనంతట తాను నొక్కుకుంటూ ఉంటే పక్కన ఎంత మంచిది పెట్టినా లాభం లేదు. మెకానిక్‌తో లోపలి రిబ్బన్ ఊడదీయించాలి, అది పది నిమిషాల పని. కొన్ని మోడళ్లలో పవర్ బటన్ కూడా ఆ రిబ్బన్ మీదే నడుస్తుంది, అవి ఊడదీస్తే ఆన్ చేయడమే కుదరదు. ముందే చూడమని చెప్పండి. రెండోది, చాయ్ పడిన మెషీన్‌కు బయటి కీబోర్డ్ పెట్టి సరిపెట్టుకోవడం. లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

స్క్రూలా, రివెట్లా

ఇక్కడే ఖర్చు తేలుతుంది. షాపు భాషలో ల్యాప్‌టాప్ పెంకుకు నాలుగు పేర్లు: తెర వెనుక మూత ఏ, తెర చుట్టూ చట్రం బీ, కీబోర్డ్ చుట్టూ అరచేతులు ఆనే భాగం సీ, అడుగు మూత డీ. పాత డెల్ ఇన్‌స్పిరాన్‌లు, చాలా థింక్‌ప్యాడ్‌లలో కీబోర్డ్ సీ ప్యానెల్ పైనుంచి కూర్చుంటుంది. రెండు మూడు స్క్రూలు తీసి, కాస్త జరిపి పైకి లేపితే వచ్చేస్తుంది. పలుచని కొత్త మోడళ్లలో కీబోర్డ్‌ను సీ ప్యానెల్ లోపలి వైపు నుంచి పెట్టి, ప్లాస్టిక్ మేకులను వేడితో కరిగించి అతికిస్తారు. అలాంటి రివెట్లు పదుల సంఖ్యలో ఉంటాయి. పైగా దాన్ని చేరుకోవాలంటే మదర్‌బోర్డ్, బ్యాటరీ, ఫ్యాన్ అన్నీ దించాలి.

రివెట్ల మోడల్‌కు రెండు దారులు. ఉత్త కీబోర్డ్ కొని, పాత రివెట్లు చెక్కి, కొత్తదాన్ని పెట్టి సాల్డరింగ్ ఐరన్‌తో మళ్లీ కరిగించి అతికించడం ఒకటి. ముక్క చవక, పనితనం ఖరీదు. చేసేవాళ్ల చేయి మంచిది కాకపోతే టైప్ చేస్తుంటే కీబోర్డ్ మధ్యలో స్ప్రింగులా ఊగుతుంది. కొందరు ఫెవిక్విక్‌తో కానిచ్చేస్తారు, అది రబ్బరు బుడిపెల్లోకి కారితే ఆ మీటలు పోయినట్టే. రెండో దారి కీబోర్డ్ బిగించే ఉన్న సీ ప్యానెల్ మొత్తం కొనడం. ధర రెండు మూడు రెట్లు, కానీ కంపెనీ బిగింపు అలాగే ఉంటుంది, మూత కీలు దగ్గర విరిగిన ప్లాస్టిక్ కూడా దానితోనే కొత్తదవుతుంది. మూడేళ్ల లోపు మెషీన్‌కు, రోజంతా టైప్ చేసేవాళ్లకు ప్యానెలే తీసుకోమని మా సలహా. అంతకంటే పాతదైతే, రివెట్లు బాగా వేసే మెకానిక్ తెలిసి ఉంటే ఉత్త కీబోర్డ్ చాలు. ఎవరూ తెలియకపోతే మళ్లీ బయటి కీబోర్డ్ దగ్గరికే రండి.

మీ మోడల్ ఏ రకమో తెలుసుకోవడానికి మోడల్ పేరుతో పాటు కీబోర్డ్ రీప్లేస్‌మెంట్ అని యూట్యూబ్‌లో వెతకండి. వీడియోలో మదర్‌బోర్డ్ దించుతుంటే అది రివెట్ల బాపతు అని అర్థం. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ సైట్లలో సర్వీస్ మాన్యువల్‌లు ఉచితంగానే పెడతాయి, స్క్రూల వివరాలు కూడా వాటిలో ఉంటాయి.

మ్యాక్‌బుక్ ఈ లెక్కలో అతి ఖరీదైన రివెట్ల మోడల్. చాలా మోడళ్లలో కీబోర్డ్, బ్యాటరీ, పై పెంకు ఒకే ముక్కగా మారుస్తారు కాబట్టి బిల్లు పదివేలల్లో ఉంటుంది. 2015 నుంచి 2019 దాకా మ్యాక్‌బుక్‌లలో వచ్చిన, బటర్‌ఫ్లై అనే పలుచని మీటల కీబోర్డ్‌లకు ఆపిల్ 2018లో ఉచిత మరమ్మతు పథకం పెట్టింది. కానీ అది మొదట కొన్న తేదీ నుంచి 4 ఏళ్లకే, ఆ గడువు ఇప్పుడు దాటిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఆ ఏళ్ల మ్యాక్‌బుక్ చవకగా వస్తోందంటే ముందు ప్రతి మీటా నొక్కి చూడండి.

ఎవరి చేతికివ్వాలి

వారంటీ ఉంటే ఆలోచన అక్కర్లేదు, కంపెనీ సర్వీస్ సెంటరే. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్, డెల్ అయితే 7 అక్షరాల సర్వీస్ ట్యాగ్, కంపెనీ సైట్‌లో కొడితే ఎప్పటిదాకా ఉందో తెలుస్తుంది. దానంతట అది పోయిన మీట వారంటీలోకి వస్తుంది. ఒలికిన చాయ్, విరిగిన టోపీ మామూలు వారంటీలోకి రావు, ప్రమాదాల కవర్ విడిగా కొని ఉండాలి. చాయ్ పడిందన్న సంగతి దాచినా లాభం లేదు, మూత తీయగానే మరకలే చెబుతాయి.

వారంటీ అయిపోయాక సర్వీస్ సెంటర్‌కు వెళ్తే ముక్క అసలుది అన్న భరోసా ఉంటుంది, ధరా అలాగే ఉంటుంది. రివెట్ల మోడళ్లకు వాళ్లు ఉత్త కీబోర్డ్ ఇవ్వకుండా ప్యానెల్ మొత్తం మార్చడమే మామూలు. సీటీసీలో ఎంపిక ఎక్కువ, బేరం ఉంటుంది, చాలా మోడళ్లకు అదే రోజు పని అయిపోతుంది. ప్యారడైజ్ మెట్రో స్టేషన్ నుంచి దగ్గరే. ఉదయం ఇస్తే మీ ముందే చేయించుకోవచ్చు. అమీర్‌పేట, కూకట్‌పల్లి వీధి షాపులు చాలావరకు ముక్కను సీటీసీ నుంచే తెప్పిస్తాయి, ఆ రానుపోను ఖర్చు, ఒక రోజు ఆలస్యం కలుపుకోండి. అయినా తెలిసిన షాపు అయితే ఆ కాస్త ఎక్కువ ఇవ్వడంలో తప్పులేదు, రేపు తేడా వస్తే నడిచి వెళ్లి అడగొచ్చు.

ఇంట్లోనే మార్చుకోవడం స్క్రూల మోడళ్లకు నిజంగా సులువే. ఒక ఫిలిప్స్ జీరో స్క్రూడ్రైవర్, పాత ఏటీఎం కార్డు చాలు. పూర్తిగా షట్‌డౌన్ చేయాలి, స్లీప్‌లో ఉంచొద్దు. డీ మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, ఏదైనా ముట్టుకునేది ఆ తర్వాతే. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట బిగిస్తే కీబోర్డ్‌ను పొడుచుకుని పైకొస్తుంది, అందుకే కాగితం మీద బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. అన్నిటికంటే ఎక్కువమంది పాడుచేసేది రిబ్బన్ కనెక్టర్ లాక్‌ను. సన్నని ఆ ప్లాస్టిక్ రేకును గోరుతో పైకి తిప్పాలి, కొన్నిటిలో ముందుకు జరపాలి. అది తెరవకుండా రిబ్బన్ లాగితే కనెక్టర్ విరుగుతుంది, కీబోర్డ్ పని కాస్తా మదర్‌బోర్డ్ పనవుతుంది. లైటున్న కీబోర్డ్‌కు రెండో సన్నని రిబ్బన్ విడిగా ఉంటుంది, దాన్ని మరిచిపోయి కీబోర్డ్ లేపితే తెగుతుంది. రివెట్ల మోడల్‌ను మొదటిసారి విప్పేవాళ్లు ఇంట్లో ముట్టుకోకపోవడమే మంచిది.

కొనేటప్పుడు, తీసుకునేటప్పుడు

మోడల్ పేరు చెప్పి కొంటే తప్పు ముక్క వచ్చే అవకాశం ఎక్కువ. ఒకే మోడల్ పేరు మీద లైటున్నదీ లేనిదీ, పవర్ బటన్ ఉన్నదీ లేనిదీ, చట్రం ఉన్నదీ లేనిదీ వేర్వేరుగా వస్తాయి. కీబోర్డ్ వెనుక అంటించిన స్టికర్ మీద పార్ట్ నంబర్ ఉంటుంది, లెనోవో వాళ్లు ఎఫ్ఆర్‌యూ అంటారు, డెల్ వాళ్లు డీపీ/ఎన్ అంటారు. దాని ఫొటో చూపించి అడగండి. స్క్రూ రంధ్రాలు, రిబ్బన్ పొడవు, అది బయటికొచ్చే చోటు పాతదానితో ఆనించి చూడండి. లైటు లేని మెషీన్‌కు లైటున్న కీబోర్డ్ బిగిస్తే వెలుగుతుందని చెప్పేవాళ్లున్నారు. మదర్‌బోర్డ్ మీద రెండో కనెక్టర్ లేకపోతే అది వెలగదు. రూపాయి గుర్తు 4 మీద లేకపోయినా ఫర్వాలేదు, ఎంటర్ మీట ఎల్ ఆకారంలో నిలువుగా ఉంటే మాత్రం అది వేరే దేశపు లేఅవుట్, వద్దనండి.

కంపాటిబుల్, ఒరిజినల్, పుల్డ్ అని మూడు రకాలు చెబుతారు. కంపాటిబుల్ అంటే మీ మోడల్‌కు సరిపోయేలా వేరేవాళ్లు చేసినది, పుల్డ్ అంటే పాత మెషీన్‌లోంచి తీసినది. మంచి స్థితిలో ఉన్న పుల్డ్ ముక్క చవక కంపాటిబుల్ కంటే వేళ్లకు బాగుంటుందని మా అభిప్రాయం. కానీ దాని మీటల నునుపు చూడండి, ఏ, ఎస్, స్పేస్ మెరుస్తుంటే అది బాగా అరిగింది. కంపాటిబుల్‌లో తరచూ కనిపించే లోపాలు స్పేస్ మీట ఒక చివర నొక్కితే పలకకపోవడం, లైటు ఒక మూల మందంగా ఉండటం.

షాపుకు ఇచ్చేటప్పుడు పాస్‌వర్డ్ రాసి ఇవ్వకండి. మీటలు చూడటానికి బయోసో, పెన్‌డ్రైవో, వేరే లోకల్ అకౌంటో చాలు. తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ప్రతి మీటా నొక్కండి: రెండు షిఫ్ట్‌లు విడివిడిగా, ఎఫ్ఎన్‌తో వెలుతురు, సౌండ్, క్యాప్స్ లాక్ దీపం, పవర్ బటన్. ఆ తర్వాత కీబోర్డ్‌కు సంబంధం లేనివి కూడా చూడాలి. ప్యానెల్ దించినప్పుడు టచ్‌ప్యాడ్, స్పీకర్, వైఫై తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెడతారు. పాట పెట్టి రెండు స్పీకర్లూ మోగుతున్నాయా, వైఫై కాస్త దూరంలోనూ అందుతోందా చూసుకోండి. అడుగున స్క్రూ లేని రంధ్రం ఒక్కటి కనిపించినా అడగండి.

బిల్లు మీద పార్ట్ నంబర్, అది కొత్తదా పుల్డా, వారంటీ ఎన్ని నెలలు అన్నది రాయించుకోండి. నోటి మాటగా చెప్పిన ఆరు నెలలు షాపులో మనిషి మారితే ఆవిరైపోతాయి. బిల్లు ఉండీ షాపు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. పాత కీబోర్డ్‌ను కూడా అడిగి తెచ్చుకోండి. కొత్తది అదే పార్ట్ నంబర్‌ది అయితే పాతదాని టోపీలు, క్లిప్పులు రేపు మళ్లీ ఒక మీట ఊడినప్పుడు అచ్చంగా సరిపోతాయి.